స్నానాలాయన

ఆయనకు తాగుడు లేదు, పేకాట లేదు, కనీసం కోపం కూడా లేదు. ఉన్నదల్లా ఒకే ఒక్క జబ్బు. మనిషి కనబడితే చాలు, "స్నానం ఎన్నింటికి చేస్తారండీ?" అని అడిగేవాడు.

"బాగున్నారా" ఉండదు, "ఎప్పుడొచ్చారు" ఉండదు. బస్సులో పక్క సీటాయన్ని అడిగాడు. పన్ను పీకించుకుని దవడ పట్టుకుని ఎదురొచ్చిన పెద్దాయన్ని ఆపి మరీ అడిగాడు. ఒకసారి జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళితే, ఆ డాక్టరు ఛాతీ మీద గొట్టం ఆనించి "గట్టిగా ఊపిరి పీల్చి వదలండి" అన్నాడు. ఈయన పీల్చాడు. వదిలేటప్పుడు ఊపిరితో పాటు ఆ ప్రశ్న కూడా వదిలాడు. డాక్టరు బిత్తరపోయి "ఏడున్నరకి" అన్నాడు. "అయ్యో, ఏడున్నర వద్దండీ, అప్పుడు మహా రద్దీ. ఆరింటికి చేసెయ్యండి, ఒంటికి కూడా మంచిది" అని డాక్టరుకే మందు రాసిచ్చినంత పని చేసి వచ్చాడు. వింతేమిటంటే, ఆ డాక్టరు మర్నాటి నుంచీ ఆరింటికే చేస్తున్నాడట.

వీధి వీధంతా కలిసి ఆయనకు స్నానాలాయన అని పేరు పెట్టేసింది. అసలు పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడం మానేశాడు.

జబ్బు ఆయనది, బాధ మాత్రం ఆవిడది. ఆవిడంటే ఆయన భార్య. వీధి మధ్యలో, ఇంటి ముందుగదిలోనే కుట్టుమిషను పెట్టుకున్న టైలరమ్మ. గౌన్లు, చొక్కాలు, ప్యాంట్లు, స్కూలు బట్టలు, ఏది ఇచ్చినా ఒంటికి అతికినట్టు కుట్టే చెయ్యి. ఒక్కొక్క బేరాన్నీ బతిమాలి, బుజ్జగించి సంపాదించుకుంది. వచ్చినవాళ్ళని నిలబెట్టుకోవడమే ఆవిడకి చావుకొచ్చేది.

ఒకరోజు వీధిలోకి కొత్తగా దిగిన ఒకమ్మాయి గౌను కుట్టించుకోవడానికి వచ్చింది. టైలరమ్మ ఆ పిల్ల నడుం చుట్టూ టేపు వేసి, పెన్సిలు కోసం తడుముకుంటోంది. సరిగ్గా అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన ఈయన గుమ్మంలో నిలబడి, బూట్లు కూడా విప్పకుండా, "అమ్మాయ్, మీ ఇంట్లో స్నానాలు ఒకరి తర్వాత ఒకరా, అందరూ ఒక్కసారేనా?" అన్నాడు.

ఆ పిల్ల మరి వెనక్కి చూస్తే ఒట్టు. టేపు వెనకాల తోకలా ఊగుతూ సందు మలుపుదాకా కనబడింది.

"టేపు పోయింది, బేరం పోయింది, పరువు పోయింది! ఇక పోవడానికి ఈ ఇంట్లో ఏం మిగిలిందండీ?" అని టైలరమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఎటు పోయింది? పైకా, కిందికా?"

"ఎవరు?"

"ఆ అమ్మాయే. పైవీధి అయితే వెంటనే కనుక్కోవాలి. కింది సందు అయితే ఫరవాలేదులే" అన్నాడాయన, ఎంతో తృప్తిగా.

అసలు ఆవిడకి మొదట్లోనే తెలియాలి. పెళ్ళికి ముందు పెద్దవాళ్ళు ఇద్దర్నీ మాట్లాడుకోమని వరండాలో వదిలిపెడితే, ఈయన చాలాసేపు గోడకేసి చూసి, గొంతు సవరించుకుని, చివరికి ధైర్యం చేసి "మీరు పొద్దున స్నానమా, సాయంత్రమా?" అన్నాడు. ఆవిడకి నవ్వాగలేదు. "సాయంత్రం" అంది. ఆయన మొహం ఎంతగా వెలిగిపోయిందంటే, అది ప్రేమేనని ఆవిడ నమ్మేసింది. సాయంత్రాలు ఆయన పంపులకి పని తక్కువన్న సంగతి కాపురానికి వచ్చాక తెలిసింది. అయినా, కాస్తో కూస్తో ప్రేమ కూడా ఉండే ఉంటుందని ఆవిడ ఇప్పటికీ వాదిస్తుంది.

ఆయన ఉద్యోగం మురుగునీటి పంపింగ్ స్టేషన్లో. ఊరు పైవీధి నుంచి దిగి దిగి, ఇక దిగడానికి చోటు లేక ఎక్కడ ఆగిపోతుందో అక్కడ ఒక ప్రహరీ, ప్రహరీలో ఒక పొట్టి గది, ఆ గది పక్కన ఇల్లు మునిగేంత లోతున్న బావి. వీధిలో ఎవరూ అటు తొంగి చూసినవాళ్ళు కారు. ఆయనకు మాత్రం అదే లోకం. భోజనం దగ్గర కూర్చుంటే చాలు, గిన్నెలూ గ్లాసులూ పరిచి పాఠం మొదలుపెట్టేవాడు.

"చూడు. నువ్వు రెండు చెంబులు పోసుకున్నావు. ఆ నీళ్ళు తూములోంచి ఇంటి గొట్టంలోకి, ఇంటి గొట్టంలోంచి వీధి గొట్టంలోకి పోయాయి. ఎవరు తోశారు?"

"నేనైతే తోయలేదు బాబూ."

"ఎవరూ తోయక్కర్లేదు! పల్లం ఉంది కదా, వాటంతట అవే పోతాయి. పోయి పోయి మా బావిలో పడతాయి. శుద్ధి చేసే ప్లాంటేమో గుట్టకి అవతల ఉంది. మరి నీళ్ళు గుట్టెక్కుతాయా?"

"ఎక్కవు."

"ఎక్కిస్తాం!" అని ఆయన గరిటె పైకెత్తేవాడు. గరిటెలో ఉన్నది గోడ ఎక్కేది.

అలా ఎక్కించేవి రెండు పంపులు. ఆయన వాటిని పెద్దోడు, చిన్నోడు అనేవాడు. బావిలో బంతుల్లాంటి స్విచ్చులు తీగలకి వేలాడుతుంటాయి. నీళ్ళు పెరిగి మొదటి బంతిని పైకి తేల్చగానే పెద్దోడు లేచి పని అందుకుంటాడు. ఇంకా పెరిగి రెండో బంతి కూడా తేలితే చిన్నోడు వచ్చి భుజం కలుపుతాడు. నీళ్ళు బావిలో పడే ముందు ఒక ఇనప కడ్డీల జల్లెడ ఉంటుంది. గుడ్డలూ జుట్టూ ప్లాస్టిక్కూ పంపు నోట్లోకి పోకుండా అది పట్టుకుంటుంది. ఆ జల్లెడకి ముందు, గొట్టం మూతి దగ్గర మూడో బంతి. అది తేలితే బెల్లు.

"బెల్లు మోగితే ఏమవుతుంది?" అని టైలరమ్మ అడిగేది.

"మోగకూడదు" అని, "ఇంకాస్త కూర వెయ్యి" అనేవాడు. అక్కడితో పాఠం ఆగిపోయేది.

ఆయన బాధల్లా ఒక్కటే. ఊరంతా పొద్దున్నే ఒక్క గంటలో, ఎవరో ఈల వేసినట్టు స్నానాలు చేసేస్తుంది. మిగతా రోజంతా పంపులు కునికిపాట్లు పడుతుంటాయి. "కాస్త సర్దుకుని చేస్తే ఎవరి సొమ్ము పోయింది?" అని గడప గడపకీ తిరిగేవాడు. ఊరికే అడిగితే ఎవరు వింటారు? అందుకని ఒకరి కుళాయి బాగుచేసి పెట్టేవాడు, ఒకరి సంచీ మోసేవాడు, ఒకరి గొడుగు అతికించి ఇచ్చేవాడు. ప్రతిఫలంగా, ఏడింటి స్నానాన్ని ఎనిమిదికి జరుపుకోమనేవాడు. పైవీధిలో సగం మంది స్నానాల వేళలు ఆయన చేతిలోనే ఉండేవి.

ఊరందరిలో ఆయన ఆ ప్రశ్న అడగని మనిషి ఒక్కతే. కింది సందు చివర, స్టేషను గోడని ఆనుకుని బ్రెడ్డు బట్టీ నడుపుకునే బ్రెడ్డమ్మ. పొద్దున లేస్తూనే ఆవిడ కాల్చే బ్రెడ్డు వాసన పైవీధిదాకా పాకేది. ఆవిడ ఎదురైతే స్నానాలాయన తల వంచుకుని "ఆఁ, అంతా సవ్యమేనా అమ్మా?" అని మాత్రం అనేవాడు.

"లోకమంతటినీ అడుగుతారు, ఆవిణ్ణొక్కదాన్నీ అడగరేం?" అని టైలరమ్మ ఓరచూపు చూసేది.

"మర్చిపోయుంటాను."

"మీరా? మర్చిపోవడమా?"

ఆయన బూట్లు తుడుచుకోవడంలో మునిగిపోయేవాడు. ఆవిడ మిషను పెడలు అవసరమైన దానికన్నా గట్టిగా తొక్కేది.

ఇలా ఉండగా ఒకనాడు ఆయన మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చి, గుమ్మంలోనే కూలబడ్డాడు. "చిన్నోణ్ణి తీసుకుపోయారే" అన్నాడు.

అప్పుడే కొలతలివ్వడానికి వచ్చిన ప్లీడరమ్మ గారు, అంటే పైవీధి ప్లీడరు గారి భార్య, గుండెల మీద చెయ్యేసుకుంది. ఈ దంపతులకి హాస్టల్లో చదువుకునే కూతురొక్కతే ఉందని ఆవిడకి తెలుసు. కానీ ఆయన గొంతులో దుఃఖం అలాంటిది.

"అయ్యో, ఏమైందండీ?"

"లోపల అరిగిపోయిందండీ. కొన్నాళ్ళుగా మూలుగుతూనే ఉన్నాడు. పొట్ట విప్పాలన్నారు."

"ఎన్నాళ్ళు పడుతుందట?"

"ఎవరూ తేల్చి చెప్పడం లేదు. పాపం, పెద్దోడొక్కడే మోస్తున్నాడు."

మర్నాడు ప్లీడరమ్మ గారు పళ్ళబుట్ట పంపించింది. టైలరమ్మ దాన్ని తిప్పి పంపాలా, ఉంచుకోవాలా తెలియక, సగం తినేశాక చెబుదామనుకుని, మొత్తం తినేశాక ఊరుకుంది.

చిన్నోడు లేకపోయేసరికి స్నానాలాయన జబ్బు ముదిరింది. ఇదివరకు అడిగేవాడు, ఇప్పుడు వెంటపడుతున్నాడు. పైవీధిలో ప్రతి గుమ్మమూ ఎక్కాడు, దిగాడు. మందుల షాపులో క్యూలో నిలబడి ముందువాళ్ళనీ వెనకవాళ్ళనీ అడిగాడు. చివరికి ప్లీడరు గారు తువ్వాలు భుజాన వేసుకుని స్నానాల గదివైపు నడుస్తుంటే, కిటికీలోంచి "ఒక్క పావుగంట ఆగండి ప్లీడరు గారూ!" అని కేకేశాడు.

ప్లీడరు గారికి చిర్రెత్తుకొచ్చింది. "నా ఇంట్లో, నా తువ్వాలుతో, నా స్నానానికి ఇతని అనుమతేమిటి? తాడో పేడో తేల్చేస్తాను" అన్నాడు. తేల్చడానికి ఆయనకు దారి కూడా ఉంది. పంపింగ్ స్టేషన్లన్నిటి మీదా ఆఫీసరుగా ఉన్నాయన ప్లీడరు గారికి స్వయానా బావమరిది. రాబోయే ఆదివారం ఊరి జట్టు ఫుట్‌బాల్ ఫైనల్ ఆడుతోంది. ప్లీడరు గారి హాల్లో గోడంత టీవీ ఉంది. వీధి మొత్తాన్ని పిలిచాడు, బావమరిదినీ పిలిచాడు. మ్యాచ్ కాగానే అందరి ముందూ చెప్పించి, స్నానాలాయన్ని ఎక్కడికైనా బదిలీ చేయించేయాలని నిశ్చయం.

టైలరమ్మకి ఈ కబురు తెలిసింది. బదిలీ అంటే మాటలా? కొత్త ఊళ్ళో ఆవిడ చేతిని నమ్మి గుడ్డ ఇచ్చేదెవరు? ఇన్నాళ్ళ కష్టం, ఈ ముందుగది, ఈ వీధి, అన్నీ ఒక్క ప్రశ్న కింద నలిగిపోతాయి. ఆవిడ వారమంతా కూర్చుని జట్టు రంగులో పసుపు సాటిన్ జెండాలు కుట్టింది. వాటిని వీధిలో అందరికీ పంచి, ప్లీడరు గారి కాళ్ళావేళ్ళా పడైనా సరే ఆపాలనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం డ్యూటీకి బయల్దేరుతున్న భర్తని గుమ్మంలో నిలేసింది. "బదిలీ తప్పాలంటే ఈ ఒక్క పూట, ఒక్క పూట, ఆ ప్రశ్న మీ నోట్లోంచి రాకూడదు. నా మీద ఒట్టు."

"హాఫ్ టైంలో అందరూ ఒక్కసారే లేస్తారే..."

"ఒట్టా, కాదా?"

ఆయన బిక్కమొహం వేసి "ఒట్టు" అన్నాడు.

ప్లీడరు గారి హాలు కిక్కిరిసిపోయింది. సోఫాల మీద, సోఫా చేతుల మీద, మెట్ల మీద, కిటికీల్లో, ఎక్కడ చూసినా పసుపు జెండాలే. కూల్‌డ్రింకు సీసాలు ఖాళీ అవుతున్నాయి. బ్రెడ్డమ్మ పెద్ద పళ్ళెంలో వేడి బన్నులు మోసుకొచ్చి అందరికీ పంచుతోంది. ముందు వరసలో ఆఫీసరు గారు, గ్లాసు మీద గ్లాసు. బంతి అటు పోతే హాలంతా అటు, ఇటు పోతే ఇటు. ఒక్క గోలు పడితే ఒట్టు! టైలరమ్మ మాత్రం టీవీ చూడడం లేదు. ఆఫీసరు గారి మొహం చూస్తోంది, మంచి మనిషేనా అని.

హాఫ్ టైం ఈల మోగింది. హాలంతా ఒక్కుమ్మడిగా లేచింది. ఇంట్లో మరుగుదొడ్లు మూడు. కింద ఒకటి, మేడ మీద ఒకటి, పెరట్లో ఒకటి. అందరికన్నా ముందు ఆఫీసరు గారు కిందిదాని వైపు వడివడిగా నడిచారు.

వీధి తలుపు ధడాలున తెరుచుకుంది. రబ్బరు బూట్లతో, చెమటలు కక్కుకుంటూ స్నానాలాయన దూసుకొచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. తిన్నగా వెళ్ళి ఆ తలుపుకి వీపు ఆనించి, రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డాడు.

"ఏమిటయ్యా ఇది?" అన్నాడు ప్లీడరు.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"లోపల ఎవరన్నా ఉన్నారా?"

అడ్డంగా ఊపాడు.

"మరి జరుగు!"

ఇంకా గట్టిగా ఊపాడు. ఒక వేలు చూపించి, ఆఫీసరు గారిని చూపించి, గడియారం చూపించి, నేల కింద దేన్నో చూపించి, రెండు చేతులూ జోడించాడు.

"ఈయనేనా బావా?" అన్నారు ఆఫీసరు గారు, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతూ.

"ఈయనే."

"మాట్లాడడేం?"

"నా మీద ఒట్టండీ" అంది టైలరమ్మ, భూమి చీలితే బాగుండునని కింద చూస్తూ. చీలలేదు.

ఇంతలో మేడ మీద నీళ్ళు బుస్సుమన్న చప్పుడు. వెంటనే పెరట్లో బుస్సు. పక్కింట్లో బుస్సు. ప్రతి బుస్సుకీ స్నానాలాయన చెంపదెబ్బ తిన్నవాడిలా కళ్ళు మూశాడు. చివరికి చేతులు దించేసి, బూట్లు టపటపలాడిస్తూ వచ్చిన దారినే పల్లానికి పరుగు తీశాడు. వెనకాల హాలంతా పగలబడి నవ్వింది.

టైలరమ్మకి తల కొట్టేసినట్టయింది. ఇవాళ తాడో పేడో తేల్చాల్సింది ప్లీడరు కాదు, తనే. కుచ్చిళ్ళు ఎగదోపి మొగుడి వెంట పరుగెత్తింది. ఇంటి గుమ్మం దాటింది, కింది సందు దాటింది, స్టేషను గేటు తోసుకుని లోపలికి వెళ్ళింది.

వెళ్ళిందే కానీ తిట్టడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. పెద్దోడు గర్జిస్తున్నాడు, కాళ్ళ కింద నేల వణుకుతోంది. గొట్టం మూతిలోంచి ఊరు ఊరంతా ఒక్కసారే వచ్చి పడుతోంది. జల్లెడ దగ్గర నీళ్ళు దిగడం లేదు, ఉబ్బుతున్నాయి. ఆయన పొడుగాటి పళ్ళ పార తీసుకుని కడ్డీల మధ్య చిక్కుకున్న దాన్ని పైకి లాగుతున్నాడు. ఒక ముద్ద వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పడింది.

పసుపు సాటిన్. పీలికలు, అంచులు, దారాలు.

కుట్టడం అయ్యాక గది కడిగి, చెత్తా చెదారం నీళ్ళతో పాటు తూములోకి తోసేయడం ఆవిడకి ఏళ్ళ అలవాటు. వారమంతా జెండాలు కుట్టింది, వారమంతా తోసేసింది.

"ఇవి నావేనా?" అంది, ఒక పీలిక పైకెత్తి.

"నీవే" అన్నాడాయన పార ఆపకుండా. "ఎప్పుడూ నీవే. పోయిన నెల నీలం, అంతకుముందు గళ్ళవి."

"మరి ఒక్కనాడూ చెప్పలేదేం? ఊరందరికీ చెబుతారే!"

"నువ్వు కుట్టేటప్పుడు పాడుకుంటావు. చెబితే మానేస్తావేమోనని."

అప్పుడే మూడో బంతి తేలింది. గది కప్పు అదిరేలా బెల్లు మోగింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మోగితే మోగనివ్వండీ! ఆఫీసుకి తెలుస్తుంది, తిడతారు, అంతేగా?"

"ఆఫీసు కాదే! ఇక్కడ పట్టని నీళ్ళు వెనక్కి పోతాయి. అన్నిటికన్నా పల్లాన ఎవరి తూముందో అందులోంచి పైకొస్తాయి."

"ఎవరిది?"

ఆయన పెదవి కొరుక్కున్నాడు. బెల్లు మోగుతూనే ఉంది. "బ్రెడ్డమ్మది" అన్నాడు. "పిండి కలిపే గదిలో."

టైలరమ్మ గోడకి ఆనించి ఉన్న రెండో పార తీసుకుంది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి లాగారు. పసుపు ముద్దలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చివరికి ఒక జానెడు అంచు కడ్డీని విడిచి వచ్చిందో లేదో, నీళ్ళు గుటకేసినట్టు చప్పుడు చేసి లోపలికి దిగాయి. పెద్దోడు గొంతు మార్చుకుని బరువందుకున్నాడు. బెల్లు ఆగింది. ఆయన గోడ మీద నుంచి సందులోకి వంగి, బట్టీ గది కిటికీలోంచి, అక్కడి తూముకి తను బిగించిన రబ్బరు మూత కదలలేదని చూసుకుని, అప్పుడు ఊపిరి తీసుకున్నాడు.

"ఇదివరకు ఒకసారి వచ్చింది" అన్నాడు మెల్లగా. "ఒక పొద్దున. అందరూ ఒక్కసారే స్నానాలు చేశారు, చిన్నోడు మొరాయించాడు. నేను పరుగెత్తి వెళ్ళేసరికి ఆవిడ గదిలో చీలమండల దాకా. పిండంతా పారబోసింది. ఇద్దరం కలిసి గోడలూ నేలా కడిగాం, మళ్ళీ కడిగాం. ఏడవలేదు పాపం. 'అన్నయ్యా, ఈ సంగతి బయటికొస్తే నా బ్రెడ్డు ఇక ఎవరూ ముట్టరు' అంది. నిజమే కదా? ఎంత కడిగినా ముట్టరు. అందుకని ఎవరికీ ఎందుకో చెప్పలేదు. అడగడం మాత్రం అడిగాను. పిచ్చోడనుకున్నారు. అనుకుంటే నాకేం పోయింది? నాకేమన్నా బట్టీ ఉందా?"

"నాకు కూడా చెప్పలేదు!"

"నీ కుట్టుగదిలోకి వచ్చిన మాట బయటికి వెళ్ళకుండా ఉందా ఎప్పుడైనా?"

ఆవిడకి ఉక్రోషం వచ్చింది. అయినా కళ్ళు తుడుచుకుని నవ్వేసింది. ఇన్నాళ్ళూ ఓరచూపులు చూసినందుకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

ఇద్దరూ కలిసి జల్లెడంతా శుభ్రం చేసేసరికి చాలాసేపు పట్టింది. "గండం గడవలేదు" అన్నాడాయన. "మ్యాచ్ అయ్యాక ఇంకా పెద్దది వస్తుంది. హాఫ్ టైంలో ఆపుకున్నవాళ్ళు కూడా అప్పుడే లేస్తారు. నేను ఇక్కణ్ణుంచి కదలలేను."

"నే వెళతాను."

"ఏం చెబుతావు?"

"మీరు ఇన్నాళ్ళూ ఏం చెప్పారు? నేనూ అదే చెబుతా" అంది, పార ఆయన చేతికిచ్చేసి.

ఆవిడ ఎదురెక్కి వెళ్ళేసరికి ప్లీడరు గారి హాలు ఉడికిపోతోంది. సున్నాకి సున్నా, అదనపు సమయం నడుస్తోంది. ఒక్కరూ కుర్చీ వదలడం లేదు. అందరూ కాలు మీద కాలేసుకుని, బిగించుకుని కూర్చున్నారు. ప్లీడరు గారు బావమరిది చెవిలో చెబుతున్నాడు, ఆయన "రేపే ఆర్డరు పంపిస్తాను" అని తలూపుతున్నారు. ఆ మాట టైలరమ్మ చెవిన పడింది. అయినా ఆగలేదు.

గోలు! ఆఖరి క్షణంలో గోలు! హాలు పేలిపోయింది. జెండాలు ఎగిరాయి, ప్లీడరు గారు మందుల షాపాయన్ని ఎత్తేశాడు, ఎత్తలేక దించేశాడు. కౌగిలింతలయ్యాయి, ఈలలయ్యాయి. ఆ తర్వాత, అందరికీ ఒక్కసారే, ఇంతసేపూ ఆపుకున్నది గుర్తొచ్చింది.

అందరూ కదిలేసరికి మెట్ల మొదట్లో, కిందిదానికీ పెరటికీ మేడకీ దారి ఒక్కటయ్యే చోట, టైలరమ్మ నిలబడి ఉంది. మెడలో టేపు.

"ఒక్కొక్కరే" అంది. "ఒకరు వచ్చాక, నేను ఊఁ అన్నాక, ఇంకొకరు."

"నీకూ పట్టిందా తల్లీ?" అన్నాడు ప్లీడరు. "జరుగు!"

"ప్లీడరు గారూ, పోయిన వేసవిలో మీ నడుము, ఈ వేసవిలో మీ నడుము, రెండూ పైకి చదవమంటారా? కోర్టు ప్యాంటు ఎన్నిసార్లు విప్పి కుట్టానో కూడా చెప్పమంటారా?"

ప్లీడరు గారు ఆగిపోయాడు.

"మందుల షాపు అన్నయ్యా, తోసుకోకు. నీ చొక్కాల భుజాల్లో దూది ఎంత పెట్టానో నీకూ నాకే తెలుసు. అక్కడ, ఆ వెనకాల నవ్వుతున్నావిడా, మీ ఆయనకి మీరు చెప్పిన కొలతలు నిజమా, నేను రాసుకున్నవా?"

ఆ వీధిలో టైలరమ్మ టేపు పడని ఒళ్ళు లేదు. వరస దానంతటదే తయారైంది. ఆఫీసరు గారు మాత్రం "నా కొలతలు నీకెలా తెలుస్తాయమ్మా?" అన్నారు కాస్త ధీమాగా. ఆవిడ ఆయన్ని పైనుంచి కిందిదాకా ఒక్క చూపు చూసింది. ఆయన పొట్ట లోపలికి బిగించి వరసలో నిలబడ్డారు.

ఒకరు వెళ్ళారు. బుస్సు. ఆవిడ చెవి పల్లంవైపు పెట్టి వింది. బెల్లు లేదు. "ఊఁ" అంది. ఇంకొకరు వెళ్ళారు. పిల్లలు గెంతుతున్నారు, పెద్దవాళ్ళు పళ్ళు కొరుకుతున్నారు, వీధిలో బాణసంచా పేలుతోంది. ఆవిడకి ఒళ్ళంతా చెవులే. ఒకరి తర్వాత ఒకరుగా వీధి వీధంతా వెళ్ళొచ్చింది. బెల్లు మోగలేదు!

తేలికపడ్డాక ఆఫీసరు గారికి కుతూహలం పుట్టింది. "అంతా బాగానే ఉంది కానీ, అసలు ఎందుకమ్మా ఇదంతా? ఆయనెందుకు అడుగుతాడు? నువ్వెందుకు ఆపావు? కారణం ఉంటే చెప్పు, ఆర్డరు ఆపేస్తాను."

అందరూ ఆవిడకేసి చూశారు. గుమ్మం దగ్గర ఖాళీ పళ్ళెం పట్టుకుని బ్రెడ్డమ్మ నిలబడి ఉంది. మొహం పాలిపోయింది. పళ్ళెం కింద పెట్టి ఒక అడుగు ముందుకేసి, "బాబుగారూ, ఆయన తప్పేం లేదండీ, అది నా..." అని మొదలెట్టింది.

"నువ్వాగు వదినా, నన్నడిగారు" అంది టైలరమ్మ గట్టిగా. "కారణమేముందండీ? పిచ్చి. మొదట ఆయనొక్కడికే ఉండేది. ఇప్పుడు నాకూ అంటుకుంది."

హాలు ఘొల్లుమంది. బ్రెడ్డమ్మ అక్కడే నిలబడిపోయి, పళ్ళెం తీసుకోవడం కూడా మర్చిపోయింది.

"విన్నావా బామ్మర్దీ!" అన్నాడు ప్లీడరు. "ఇద్దర్నీ కలిపి మార్చేసెయ్!"

ఆఫీసరు గారు గడ్డం గోక్కున్నారు. "మార్చొచ్చు. కానీ ప్రస్తుతం ఖాళీ ఉన్నది ఒక్కచోటే. మా వీధి స్టేషను." ఆయన టైలరమ్మ మెడలో టేపు కేసి చూశారు, తన పొట్ట కేసి చూసుకున్నారు, పొద్దున్నే కిటికీలోంచి ఒక గొంతు తన స్నానం సంగతి అడుగుతున్నట్టు ఊహించుకున్నారు. "వద్దులే. ఇక్కడ మీకు అలవాటైపోయింది. ఇక్కడే ఉండనీ. ఇంకేమన్నా కావాలామ్మా?"

"మా చిన్నోణ్ణి తొందరగా ఇంటికి పంపిస్తే చాలండీ."

"మీ అబ్బాయా?"

"పాపం, పొట్ట విప్పారు" అని ప్లీడరమ్మ గారు కళ్ళొత్తుకుంది. ఆఫీసరు గారు ఏమీ అర్థం కాకపోయినా, రేపే కనుక్కుంటానని మాటిచ్చారు.

టైలరమ్మ దిగి స్టేషనుకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఆయన జల్లెడ పక్కన పార పట్టుకుని నిలబడ్డవాడల్లా ఆవిణ్ణి చూడగానే పరుగున ఎదురొచ్చాడు.

"బెల్లు మోగలేదే! ఒక్కసారి కూడా మోగలేదు! ఎలా ఆపావు? ఎవరన్నా గట్టిగా అడిగారా? ఏం చెప్పావు?"

"అడిగారు. పిచ్చి అని చెప్పాను. మనిద్దరికీ పిచ్చేనని అందరూ ఒప్పుకున్నారు."

"హమ్మయ్య!" అని ఆయన పార గోడకి ఆనించి, నడుం విరుచుకున్నాడు. మొహంలో పండగ. "అయితే బ్రెడ్డమ్మ సంగతి ఎవరికీ తెలియలేదన్నమాట."

ఆవిడ ఎదురుచూసింది. ఆయన పెద్దోడి పక్కకెళ్ళి మీద చెయ్యేసి, వేడెక్కాడేమోనని చూశాడు. బావిలోకి తొంగి చూశాడు. జల్లెడ మీద మిగిలిన ఒక పసుపు దారం ఏరేశాడు. ఆవిడ ఇంకా ఎదురుచూసింది. ఇక ఉండబట్టలేక అడిగింది.

"బదిలీ సంగతి అడగరేం?"

ఆయన వెనక్కి తిరిగి, ఏదో మర్చిపోయినవాడిలా నుదురు కొట్టుకున్నాడు.

"ఓ! అది కూడా ఉంది కదూ!"